పేజీ ఎందుకు తెరుచుకోవట్లేదు?

రెజ్యూమెలో ‘లైనక్స్ తెలుసు’ అని రాసుకున్నారా? అయితే క్లౌడ్ సపోర్ట్, సిస్టమ్ అడ్మిన్ ఇంటర్వ్యూల్లో ఇలాంటి ప్రశ్నకు సిద్ధంగా ఉండండి: ‘సర్వర్‌లో సర్వీసు నడుస్తోంది. బ్రౌజర్‌లో పేజీ మాత్రం రావట్లేదు. ఎక్కడి నుంచి మొదలుపెడతారు?’ కమాండ్లు బట్టీ పట్టినవాళ్లు ఇక్కడే తడబడతారు. దీనికి జవాబు చేతికి అలవాటు కావాలంటే ఓ శని, ఆదివారం చాలు. సర్వర్‌పై ఒక కంట్రోల్ ప్యానెల్‌ను మీరే ఇన్‌స్టాల్ చేయండి.

యూజర్లు, డిస్కు, నెట్‌వర్క్, లాగ్‌లను బ్రౌజర్‌లోనే చూపించి, అక్కడి నుంచే మార్చనిచ్చే సాఫ్ట్‌వేర్ ఇది. సీప్యానెల్‌కు లైసెన్సు కొనాలి. వెబ్‌మిన్ 1997 నుంచీ ఉంది, ఉచితమే. నేర్చుకోవడానికైతే నా ఓటు కాక్‌పిట్‌కే. రెడ్‌హ్యాట్ అండ ఉన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. టెర్మినల్‌లో ఒక సర్వీసును ఆపితే కాక్‌పిట్‌లోనూ ఆగినట్టు కనిపిస్తుంది. ఇక్కడ నొక్కిన ప్రతి బటన్ వెనుక ఏం జరిగిందో అక్కడ చూసుకోవచ్చు.

ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్, అందులో ఉబుంటు సర్వర్ ఉంటే పైసా ఖర్చు లేదు. ఆప్ట్‌తో కాక్‌పిట్ ప్యాకేజీ వేసి, సిస్టమ్‌సీటీఎల్‌తో దాని సాకెట్‌ను ఎనేబుల్ చేయండి. ఇన్‌స్టాలేషన్ అంతే! తర్వాత బ్రౌజర్‌లో సర్వర్ ఐపీ, పోర్టు 9090 ఇవ్వండి. ‘ఈ సైట్ సురక్షితం కాదు’ అని భయపెడుతుంది. సర్టిఫికెట్‌ను సర్వర్ తనకు తానే రాసుకుంది కాబట్టి ఆ హెచ్చరిక. మీ సొంత మెషీనే కదా, ముందుకెళ్లొచ్చు.

పేజీ రాకపోతే ఇంకా మంచిది. లోపలి నుంచి బయటికి వెతకండి. సాకెట్ యాక్టివ్‌గా ఉందా? ఎస్ఎస్ కమాండ్‌లో 9090 వింటున్నట్టు ఉందా? సర్వర్‌లోనే కర్ల్ కొడితే జవాబొస్తోందా? వస్తే ప్యానెల్ బాగానే ఉన్నట్టు, అడ్డు దారిలో ఉంది. అప్పుడు యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్, క్లౌడ్‌లో అయితే దానిపైన సెక్యూరిటీ గ్రూప్ చూడాలి. అంతా ఒకేసారి పనిచేసేస్తే ఏం నేర్చుకుంటాం? కావాలనే పోర్టు మూసి మళ్లీ వెతకండి. ఇంటర్వ్యూలో చెప్పాల్సింది ఈ వరసే.

క్లౌడ్ మెషీన్‌లో మరో తిరకాసు ఉంది. పేజీ వస్తుంది, లాగిన్ మాత్రం అవదు. అమెజాన్‌లో ఉబుంటు తీసుకుంటే మనం లోపలికి వెళ్లేది కీ ఫైల్‌తో. ఆ యూజర్‌కు అసలు పాస్‌వర్డే ఉండదు. కాక్‌పిట్ అడిగేది అదే. సరే, పాస్‌వర్డ్ పెట్టేసి, 9090ని లోకమంతటికీ తెరిచేద్దామా? వద్దు. అది సర్వర్ తాళాలను వీధిలో వేలాడదీయడమే. 2019లో వెబ్‌మిన్ 1.890లో ఎవరో చొప్పించిన దొంగ కోడ్ బయటపడింది. పాస్‌వర్డ్ లేకుండానే రూట్ హోదాలో కమాండ్లు నడిపే దారి అది. 1.930తో సరిచేశారు. ప్యానెల్ పోర్టు బయటికి కనిపించని సర్వర్లలోకి ఆ దారిన నేరుగా వెళ్లడం కుదరదు. అందుకే 9090 మూసే ఉంచి, ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ ద్వారా మీ ల్యాప్‌టాప్ నుంచే తెరవండి. ‘టన్నెల్ ఎందుకు?’ అని అడిగితే ఈ ఉదంతమే చెప్పండి.

ఇక రెజ్యూమెలో ‘లైనక్స్ తెలుసు’ తీసేసి, ‘ఉబుంటు సర్వర్‌పై కాక్‌పిట్ అమర్చి, ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ ద్వారా మాత్రమే అందేలా చేశాను’ అని రాయండి. దానిపై ఎన్ని ప్రశ్నలొచ్చినా మీవే. అన్నట్టు, క్లౌడ్‌లో చేసినవాళ్లు పని కాగానే మెషీన్‌ను డిలీట్ చేయండి. ఉచిత పరిమితి దాటితే బిల్లు మొదలవుతుంది.