రేడియోలో పాతపాట



పాతపాట యనగా నేది? ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పుకొననిదే నేటి ప్రసంగము ముందుకు సాగదు. యాలాల్ గ్రామమున నా యీడువారి నడిగినచో ఘంటసాల వేంకటేశ్వరరావుగారు, పి. లీలగారు పాడిన పాట యని చెప్పుదురు. 1951లో వచ్చిన పాతాళభైరవి, మల్లీశ్వరి, 1953 నాటి దేవదాసు, 1957 నాటి మాయాబజారు వారి తలపున మెదలును. పట్నపు ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములు పాతపాట యని పేరుపెట్టి వినిపించునది మాత్రము, నేను విన్నంతలో, తఱచుగా 1990 ప్రాంతపు పాట. ఆ పాట పుట్టిననాటికి నేను బడిలో పిల్లలకు యతిప్రాసలు నేర్పుచుంటిని. నాకు క్రొత్తదిగా నున్న పాట వారికి పాతదైనది. నాకు పాతదైన పాట వారికి లేనే లేదు.

వాణిజ్య రేడియోలో పాతపాట సన్నగిల్లుటకు జనులకు దానిపై రుచి తగ్గుటయే కారణమని పలువురు తలంతురు. నేనట్లు తలంపను. రుచి యున్నది, వినువారును ఉన్నారు. వారు లెక్కకు రాకపోవుటయే అసలు కారణము. ఆ లెక్క యెట్టిదో చెప్పుటకు ముందు కొంచెము వెనుకటి కథ చెప్పవలసి యున్నది.

మన ప్రాంతమునకు రేడియో నిజాము పాలనలో వచ్చెను. హైదరాబాదున దక్కను రేడియోను 1935లో నిజాము ప్రభుత్వము తన చేతికి తీసికొనెను. 1950 ఏప్రిల్ 1వ తేదీన అది ఆలిండియా రేడియోలో చేరెను. అటుపిమ్మట రెండేండ్లకు, అనగా 1952లో, కేంద్రమున ప్రసారశాఖామాత్యులైన బి.వి. కేస్కరుగారు సినిమాపాటలు శాస్త్రీయ సంగీతమును చెఱచునని తలంచి వానిని ఆకాశవాణిలో అణచివైచిరి. ఫలమేమైనదనగా, శ్రోతలు రేడియో ముల్లును సిలోను వైపునకు త్రిప్పిరి. కొలంబోనుండి హ్రస్వతరంగములపై వచ్చు హిందీపాటలను, అమీన్ సయానీగారి గీతమాలను దేశమంతయు వినెను. సిలోనులో తెలుగుపాటలును వచ్చెడివి. ఆ పాటలను పరిచయము చేసిన మీనాక్షి పొన్నుదొరైగారి కంఠమును నా పైయీడువారు నేటికిని తలంచుకొందురు. పండితులు వలదన్నంత మాత్రమున జనులు వినుట మానరని ప్రభుత్వమునకు తెలిసివచ్చుటకు అయిదేండ్లు పట్టెను. 1957 అక్టోబరు 3వ తేదీన వివిధభారతి పుట్టెను. పండితులలో నేనును ఒకడనైనను, ఈ యొక్క విషయమున కేస్కరుగారి పక్షము వహింపజాలను.

1967 నవంబరులో బొంబాయి, పూనా, నాగపూరు కేంద్రములందు వివిధభారతిలో ప్రకటనలు మొదలైనవి. పాటకును బేరమునకును మన ఆకాశవాణిలో లంకె పడినది అప్పుడే. అయినను ఆ బేరము పాటను మ్రింగలేదు. సబ్బు ప్రకటన వచ్చి పోయెడిది. పాట నిలిచి యుండెడిది. జనరంజని కార్యక్రమమునకు ఊరూరనుండి పోస్టుకార్డులు పోయెడివి. ఎక్కడో నాటి బీహారులో, అభ్రకపు గనుల పట్టణమైన ఝుమ్రీ తలైయా, పాటలు కోరుచు వ్రాసిన ఉత్తరములచేతనే దేశమంతట పేరు పొందెను. పాట వేయుటకు ముందు చిత్రము పేరు, రచించినవారి పేరు, స్వరపఱచినవారి పేరు, పాడినవారి పేరు వరుసగా చదివెడివారు. ఆ తరువాత కోరిన శ్రోతల పేళ్ళును, ఊళ్ళును చదివెడివారు. తన ఊరిపేరు ఆకాశమునుండి వినవచ్చిననాడు గుడియరుగుపై కూర్చున్నవారి ముఖములు ఎట్లుండెడివో మీలో పెక్కురకు తెలియును.

ఈ పేళ్ళు చదువుటను నేను చిన్న విషయముగా చూడను. మా తాండూరు ప్రక్క తెలుగు నాలుగు నీళ్ళు కలిసిన తెలుగు. కచ్చేరిలో ఉర్దూ, సంతలో కన్నడము, ఇంట తెలుగు. అచ్చుపుస్తకము చేరని ఇండ్లకు పాట చేరెను. అక్షరము రానివాడును దేవులపల్లి కృష్ణశాస్త్రి యన్న పేరును, పింగళి నాగేంద్రరావు అన్న పేరును చెవితోడనే నేర్చెను. నాపరాయి గనిలో బండలు తీయు మనుష్యుడొకడు, వ్రేలిముద్ర వేయువాడు, మల్లీశ్వరి పాటలోని ఒక సమాసమునకు అర్థము అడుగుటకై ఒకనాటి సాయంకాలము మా యింటికి వచ్చెను. నా ఉద్యోగకాలమంతటిలో అంతటి శ్రద్ధ గల విద్యార్థిని నేను తక్కువగా చూచితిని. ఎఫ్.ఎం.లో నేను వినునంతలో రచయిత పేరు చెప్పుట అరుదు. పాట ముగియకమునుపే మాటకారి వచ్చి దానిపై మాటలాడును.

ఇక లెక్కకు వత్తము. 2005లో కేంద్రప్రభుత్వము ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములకు క్రొత్త పద్ధతిని ఏర్పఱచెను. కేంద్రము పెట్టదలచినవారు వేలములో పాడి ప్రవేశరుసుము కట్టవలెను. ఆపైన ఏటేట తమ రాబడిలో నూటికి నాలుగు వంతులు ప్రభుత్వమునకు చెల్లింపవలెను. ఆ పద్ధతి చొప్పున హైదరాబాదులో 2006లో ప్రైవేటు కేంద్రములు వెలసెను. శ్రోత వీరికి పైసయు ఇయ్యడు. మఱి సొమ్ము ఎక్కడినుండి వచ్చును? ప్రకటనలనుండి. ప్రకటనను పది సెకండ్ల కింతయని అమ్ముదురు. కనుక ఆ యంగడిలో అమ్మబడు సరకు పాట యని మీరు తలంచినచో పొరపాటు. అచట అమ్మబడునది మన చెవి. కొనువాడు ఏ చెవికి ఎక్కువ వెల యిచ్చునో ఆ చెవికి నచ్చు పాటయే మ్రోగును.

సెల్‌ఫోను, మోటారుసైకిలు, పట్నములో ఇంటి జాగా కొనదలచిన పడుచువాని చెవికి వెల యెక్కువ. చుట్టయు, మందుబిళ్ళయు తప్ప వేఱేమియు కొనని ముసలివాని చెవికి వెల లేదు. దీనికితోడు, క్రొత్త చిత్రము విడుదలకు ముందు దాని పాట నలుగురి నోట పడుట నిర్మాతకు లాభము. అందుచే క్రొత్తపాటను ముందుకు త్రోయువారు పలువురు. డెబ్బదియేండ్ల నాటి పాటను త్రోయు నిర్మాత నేడెక్కడ?

పాతపాటకు హక్కుదారులు ఎక్కువ సొమ్ము అడుగుదురేమో యని ఒకరు నన్నడిగిరి. అదియు కాదు. పాటల కంపెనీలకును రేడియో కంపెనీలకును నడిచిన తగవులో 2010 ఆగస్టున కాపీరైటు బోర్డు తీర్పు చెప్పి, ప్రకటనల నికర రాబడిలో నూటికి రెండు వంతులు ఇచ్చిన చాలునని నిర్ణయించెను. ఆ లెక్కలో నిన్నటి పాటకును, మాయాబజారు పాటకును భేదము లేకుండెను. వెల సమానమైయుండగా పాతపాట మూలబడినదనగా తప్పు పాటది కాదు.

చెవులను లెక్కించుటయు ఒక వ్యాపారమే. 2007లో రేడియో వినువారిని కొలుచుటకు ఒక యేర్పాటు మన దేశమున మొదలైనది. అది కొలిచినది ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, బెంగుళూరు అను నాలుగు నగరములను. అందు హైదరాబాదే లేదు. ఇక యాలాల్ మాట చెప్పనేల?

మన వినికిడికి మఱియొక అడ్డంకి కలదు. అది ప్రకృతి పెట్టినది. పూర్వము హైదరాబాదు 'ఏ' కేంద్రము 738 కిలోహెర్ట్జుల మీద వచ్చెడిది. ఆ తరంగము పొడవు నాలుగువందల మీటర్లకు పైమాట. అంత పొడవైన తరంగము నేలను అంటిపెట్టుకొని, మిట్టపల్లములకు వంగుచు దూరము పోగలదు. ఎఫ్.ఎం. తరంగము పొడవు ఇంచుమించు మూడు మీటర్లు. అది వెలుగువలె తిన్నగా పోవును. ధ్వని స్వచ్ఛమైనదే గాని, భూమి వంపునకును, కొండకును తలవంచి నిలిచిపోవును. పట్నమునుండి మనకు బాటవెంట నూఱు కిలోమీటర్లకు పైగా దూరము; నడుమ అనంతగిరి కొండలు. వివిధభారతియు నేడు హైదరాబాదున 102.8 ఎఫ్.ఎం. మీదనే వచ్చును. మా మేడపై కఱ్ఱకు తీగ కట్టి నిలిపినచో ఒకనాడు వచ్చును, ఒకనాడు రాదు. గాలి త్రిప్పిననాడు గుల్బర్గా వైపు కన్నడ గీతము వచ్చి నడుమ కూర్చుండును. అదియు మధురమే యనుకొనుడు.

ఇది మన దేశమునకే కలిగిన చిక్కు కాదు. న్యూయార్కు నగరమున డబ్ల్యు.సి.బి.ఎస్. ఎఫ్.ఎం. అను కేంద్రము 1972 మొదలు పాతపాటలకే పేరుపొందినది. అచటి ప్రకటనదారులు ఇరువదియైదేండ్లకును ఏబదినాలుగేండ్లకును నడుమ వయస్సువారినే ముఖ్యముగా కోరుదురు. వినువారు ఆ గీత దాటిపోవుచుండగా, 2005 జూన్ 3వ తేదీన యజమానులు శ్రోతలకు ముందుగా చెప్పకయే పాతపాటలను తీసివైచిరి. ఊరంతయు గగ్గోలుపడెను. 2007 జూలై 12న పాతపాటలు మరల వచ్చెను. అయితే తిరిగివచ్చినవి వెనుకటివి కావు: 1950ల పాటలు ఇంచుమించు పోయి, 1970లవి, 1980లవి వాని చోట కూర్చుండెను. పాతపాట యన్న పలక యట్లే యుండి, దానిక్రింది పాట మాఱుచు పోవుట అచట జరిగినది. ఇచట జరుగుచున్నదియు అదియే.

రుచి చావలేదనుటకు నిదర్శన మడిగినచో ఒకటి చెప్పెదను. పాత రికార్డుల హక్కులు గల సరిగమ కంపెనీ 2017లో కారవాన్ అను పెట్టెను అమ్మకమునకు పెట్టెను. చూచుటకు అది పాతకాలపు రేడియో. లోపల అయిదువేల పాత హిందీపాటలు. కొనినవారు కొల్లలు. రేడియోలో ఉచితముగా రాని పాటను రేడియో ఆకారముగల పెట్టెలో వెలయిచ్చి కొనుట నాకు నవ్వును, విచారమును ఒకేసారి తెప్పించెను. మా వీథిలోని వృద్ధునకు అంత సొమ్ము లేక, తాండూరు బజారులో ఒక కుఱ్ఱవానిచేత చిన్న చిప్పలో పాటలు నింపించుకొని వచ్చెను. ప్రొద్దుటినుండి అవియే వినును. రెండునెలలు గడచిన పిమ్మట, "పంతులుగారూ, అన్నీ నాకు తెలిసినవే వచ్చుచున్నవి" అని మొఱపెట్టుకొనెను. రేడియోలో నైనచో తాను కోరని పాట, ఎవరో పొరుగూరివాడు కోరిన పాట, ఎన్నడో మఱచిన పాట హఠాత్తుగా వచ్చెడిది. అదే వేళకు నూఱు ఊళ్ళవారు దానిని వినుచున్నారన్న ఎఱుకయు ఉండెడిది. చిప్పలో నవి రెండును లేవు.

మనకు చేరువలోనే మఱియొక దారి కలదు. జహీరాబాదు ప్రక్క మాచనూరున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీవారి సంఘం రేడియో 2008 అక్టోబరులో మొదలైనది. దళిత స్త్రీలే దానిని నడుపుదురు. వాణిజ్యముతో పనిలేని సమాజరేడియో అది. సినిమాపాట దాని పని కాదు. విత్తనముల మాట, పంటల మాట, ఊరి ముసలమ్మల నోట నున్న పాట దాని సొత్తు. అట్టి కేంద్రముల శక్తి కొలది యూళ్ళ మేరకే గనుక అది యాలాల్ దాక రాదు. కాని పాట ముసలిదైనను, పాడునది ముసలిదైనను అచట లెక్కకు వచ్చును.

వివిధభారతిని, హైదరాబాదు కేంద్రమును వినగోరి, తీగకట్టినను ఫలము లేనివారికి ఒక్క మాట చెప్పి ముగింతును. ఆకాశవాణివారి 'న్యూస్ ఆన్ ఎయిర్' అను సాధనము సెల్‌ఫోనులో దొరకును. దానికి కొండ యడ్డము కాదు. మనుమని బ్రతిమాలి ఒకసారి పెట్టించుకొనిన చాలును. మా మనుమడు పెట్టియిచ్చెను గాని, మొదటి పాట ముగియులోపల ఫోను తిరిగి తీసికొని పోయెను.