ఇంటి కుక్కకు మర్యాద నేర్పడం

చెన్నై వంటి మహానగరంలో పెంపుడు కుక్క తిరిగే చోటు ఒక్క ఇంటితో ముగియదు. మెట్లు, లిఫ్టు, వీధి, పక్కింటి గుమ్మం అన్నీ దాని దారిలోనివే. అది రాత్రంతా మొరిగినా, పిల్లల మీదికి ఉరికినా, మెట్లపై మలవిసర్జన చేసినా ఆ ఇబ్బందిని నలుగురూ భరించవలసి వస్తుంది. ఫిర్యాదులకు విసిగిన యజమాని కుక్కను రోజంతా గొలుసుకు కట్టివేయడం, చివరకు వీధిలో వదలివేయడం కద్దు. ఇంట పెరిగిన ప్రాణికి వీధిలో బ్రతకడం తెలియదు. ఈ దుస్థితి చాలావరకు ఇంటివారి నడవడి వల్ల కలిగేదే గనుక, దానిని నివారించడమూ వారి చేతిలోనే ఉన్నది.

ఒకే మాట, ఒకే నియమం

కుక్కకు భాష తెలియదు. ధ్వని, స్వరం, చేతి సైగ తెలుస్తాయి. ఈ నగరంలోని తెలుగు ఇంట అవ్వ ‘కూర్చో’ అంటుంది, మనుమడు ‘సిట్’ అంటాడు, పనికి వచ్చే ఆమె ‘ఉక్కారు’ అంటుంది. మనకు ఆ మూడింటి అర్థం ఒకటే. కుక్కకు మాత్రం అవి మూడు వేర్వేరు శబ్దాలు. కాబట్టి ఏ పనికి ఏ మాట వాడాలో ఇంటిల్లిపాదీ ముందే నిర్ణయించుకోవాలి. నియమాలకూ ఇదే వర్తిస్తుంది. తండ్రి వద్దన్న సోఫా మీదికి పిల్లలు పిలిస్తే, భోజనాల వేళ ఒకరు కసిరి మరొకరు ముద్ద పెడితే, కుక్క ఏదీ నేర్చుకోలేదు.

మెచ్చుకోలు వెంటనే అందాలి

కూర్చోవడం నేర్పడానికి చిన్న తినుబండారాన్ని కుక్క ముక్కుకు కాస్త పైన పట్టి, మెల్లగా వెనుకకు జరపాలి. తల పైకెత్తగానే దాని నడుము తనంతట క్రిందికి దిగుతుంది. కూర్చున్న మరుక్షణమే ముక్కను అందించి మెచ్చుకోవాలి. ఆలస్యమైతే దేనికి మెప్పు లభించిందో దానికి తెలియదు. అయిదు నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడు సార్లు సాధన చేయిస్తే చాలు. ఎముక లేని ఉడికించిన కోడిమాంసం, క్యారెట్ ముక్కలు ఇందుకు పనికివస్తాయి. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి కుక్కలకు హానికరం.

అతిథుల మీదికి ఎగబడే కుక్కను అరచి తోసివేస్తే అదీ ఒక ఆటే అనుకుంటుంది. ముఖం తిప్పుకొని, నాలుగు కాళ్లూ నేల మీద ఆనిన తరువాతనే పలుకరించాలి. ఎప్పుడో చేసిన తప్పుకు ఇప్పుడు కొట్టడం వల్ల భయం పుడుతుంది తప్ప బుద్ధి రాదు. గుర్రుమన్నందుకు కొడితే హెచ్చరిక మానివేసి నేరుగా కరిచే ప్రమాదమున్నది.

శౌచం, వ్యాయామం

కుక్కపిల్లను నిద్ర లేవగానే, తిన్న తరువాత, ఆడిన తరువాత ప్రతిసారీ ఒకే చోటికి తీసుకుపోవాలి. ఇంట్లో తప్పు జరిగితే వాసన మిగలకుండా శుభ్రపరచాలి. వాసన ఉంటే మళ్లీ అక్కడికే వస్తుంది. వీధిలో విసర్జించిన మలాన్ని యజమానియే ఎత్తివేయాలి.

విరుదునగర్ జిల్లాలో తెలుగు రాజులు స్థిరపడిన రాజపాళయం పేరు మోసిన వేటకుక్క జాతి మన ప్రాంతపు గర్వకారణం. 2005లో భారత తపాలా శాఖ దానిపై బిళ్ళను వెలువరించింది. పరుగుకై పుట్టిన అటువంటి కుక్కను చిన్న ఫ్లాటులో కదలనీయకుండా ఉంచితే అది చెప్పులు, తలుపులు కొరకడంలో వింత లేదు. ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం కల్పించకపోవడం 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం, 11వ సెక్షను ప్రకారం నేరం కూడా. వేసవిలో నడక తెల్లవారుజామున ముగించాలి. అరచేతి వెనుక భాగానికి చురుక్కుమనే తారురోడ్డు దాని పాదాలనూ కాలుస్తుంది.

చట్టం, ఆరోగ్యం

గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ వద్ద పెంపుడు కుక్కకు లైసెన్సు పొందడం తప్పనిసరి. మూడు నెలల వయసున రేబీస్ టీకా వేయించి, తరువాత పశువైద్యుని సూచన మేరకు మళ్లీ వేయిస్తూ ఉండాలి. పెంపుడు జంతువు వల్ల ఇతరులకు ప్రమాదం కలుగకుండా తగు జాగ్రత్త తీసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను క్రింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధింపబడవచ్చు. ఎవరినైనా కరిస్తే గాయాన్ని ధారగా పడే నీటిలో సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి. ఎంత సాధువైన కుక్కనైనా పసిపిల్లల వద్ద ఒంటరిగా విడువరాదు. అది తినేటప్పుడు కదిలించరాదు.

మంచి అలవాటు స్థిరపడడానికి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. అంతవరకు నెమ్మదిగా ఉన్న కుక్క హఠాత్తుగా కసురుకొనడం గాని, ఇల్లు పాడుచేయడం గాని మొదలుపెడితే దాని వెనుక నొప్పియో వ్యాధియో ఉండవచ్చు. అప్పుడు శిక్షకుని కంటె ముందు పశువైద్యునికి చూపించాలి.