చప్పుడు చేయని మోటారుబండి

గడచిన సంక్రాంతికి మా మఱదిగారు తాము క్రొత్తగా కొన్న హైబ్రిడ్ మోటారుబండిలో మా యింటికి వచ్చిరి. బండిని షెడ్డులోనికి పోనిచ్చి, తలుపు చేరవేసి, తాళపుచెవి జేబులో వైచికొని విస్తరిముందు కూర్చుండిరి. పప్పు వడ్డించి పులుసు తెచ్చులోపల షెడ్డులో బండి తనంత తాను ఘుర్రుమనసాగెను. "దొంగ! దొంగ!" యని మా యత్తగారు కేకవేసిరి. తలుపు తీసి చూడగా లోపల నెవ్వరును లేరు. పెట్రోలు పొగ మాత్రము క్రమ్ముకొనుచున్నది. చప్పుడు లేకపోవుటచే బండి యాగినదనుకొని మఱదిగారు దాని నార్పకయే దిగివచ్చిరి. దిగునపుడది కీచుమని హెచ్చరించినదట; పండుగ సందడిలో నెవ్వరికి వినబడును? ఆ షెడ్డునకును మా పసిబిడ్డ నిద్రించు గదికిని నడుమ నొక్క కిటికీయే గలదు.

ఆ రాత్రి మా యింటివారు బండితో వచ్చిన పుస్తకమును చదివి చెప్పగా మేము గ్రహించినదానిని సోదరీమణులకు విన్నవించుచున్నాము.

హైబ్రిడ్ అను మాటకు "సంకరము" అని కొందఱు తెలుగు చేయుచున్నారు. ఆ మాట మాకు రుచింపలేదు. జంటశక్తుల బండి యన్న చాలును. ఇందు పెట్రోలు యంత్ర మొకటి, విద్యుత్తుతో తిరుగు మోటారు మఱియొకటి యుండును. మెల్లగా పోవునపుడు తఱచుగా మోటారే లాగును. వేగము హెచ్చినపుడు యంత్రము కలిసికొనును. బ్రేకు నొక్కినపుడు చూడవలెను దీని నేర్పు. మామూలు బండిలో ఆ వేగమంతయు వేడియై వ్యర్థమగును. ఇందు తిరుగుచున్న చక్రములే మోటారును త్రిప్పి విద్యుత్తును పుట్టించి బ్యాటరీలో చేర్చును. అన్నము వార్చిన పిదప మిగిలిన నిప్పులను పాఱవేయక దాలిలో వేసి పాలు కాచుకొను గృహిణికి దీనిని వేఱుగ వివరింప నక్కఱలేదు.

ఈ యూహ ప్రాతదే. ఫెర్డినాండ్ పోర్షే 1900లోనే యిట్టి బండిని నిర్మించెను. 1997 డిసెంబరులో జపానులో టొయోటావారి ప్రియస్ వెలువడిన పిమ్మట లోకమున వ్యాపించినది. మన దేశమున ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా మొదలగునవి 2022లో వచ్చినవి.

ఇక అసలు సంగతి. ఈ బండి నిశ్శబ్దముగా నున్నంత మాత్రమున ఆగినదని తలంపరాదు. ఎదుట "రెడీ" యను దీపము వెలుగుచున్నంతసేపు అది మేలుకొనియే యున్నది. బ్యాటరీ తఱిగినపుడు యంత్రము తానే మొదలగును. మూసిన చోట దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణాంతకము. దానికి వాసన లేదు, రంగు లేదు. కావున దిగునపుడు మీట నొక్కి, ఆ దీపమాఱినదని కన్నులార చూచుకొనవలెను. ఆగియున్న బండిముందు బిడ్డల నాడనీయకుడు.

ప్రమాదము జరిగిన యెడల, చేతనైనచో బండి నార్పి, తాళపుచెవిని 16 అడుగులకు పైగా దూరము కొనిపోవలెను. అది దగ్గఱ నున్న బండి మరల మేలుకొనవచ్చును. నారింజరంగు తొడుగుగల తీగలను ముట్టరాదు. రెండవ తరపు ప్రియస్‌లో బ్యాటరీ 201.6 వోల్టులది, మోటారునకు 500 వోల్టులవఱకు పోవును; మన యింటి తీగలలో నుండునది 230 మాత్రమే. ఆర్పిన పిదపను కొన్ని నిమిషములు ఆ శక్తి నిలిచియుండును. గాలిసంచులు విచ్చుకొనునపుడు విద్యుత్తు దానంతట తెగునట్లు ఏర్పాటున్నది గాని, దానిని నమ్మి చేయి పెట్టరాదు. 112నకు ఫోను చేయునపుడు "ఇది హైబ్రిడ్ బండి" యని తప్పక చెప్పవలెను.

నిప్పంటుకొన్నచో సామానుకై తిరిగిపోరాదు. లిథియం బ్యాటరీ యైనచో ఆఱినట్లుండి కొన్ని గంటలకో, దినములకో మరల రగులవచ్చును. అట్టిదానిని ఇంటికి 50 అడుగుల దూరముననే యుంచవలెను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో బండ్లు నీట మునిగినవి. మునిగిన హైబ్రిడ్ బండిచుట్టు నీరంతయు విద్యున్మయమగునను భయము సాధారణముగ సరికాదు. ఆ తీగలు బండి యినుపదేహమునకు తగులకుండ వేఱుగా నుండును. అయినను నీరు తీసినతోడనే బండిని కదలింపవలెనను తొందర కూడదు. పనివాడు వచ్చి చూచువఱకు దానిని ఆరుబయటనే యుంచవలెను.

మా మఱదిగారు ఇప్పుడు బండి దిగి రెండుమాఱులు వెనుదిరిగి చూచుచున్నారు. మా యత్తగారు మాత్రము మూడవమాఱు తామే పోయి చూచి వచ్చుచున్నారు.