డ్రైవర్ కోడ్ శుద్ధి, సమీక్ష: లినక్స్ స్కజీ విభాగం - ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

వ్రాయసకాడు తనకు తెలియని పదాన్ని తప్పనుకొని దిద్దినప్పుడు మూలపాఠం మరుగున పడుతుందన్నది గ్రంథపరిష్కర్తలకు తెలిసిన విషయమే. కంప్యూటర్ కోడ్‌కూ ఈ ప్రమాదం ఉంది. పనితీరు మార్చకుండా పాత కోడ్‌ను చక్కబెట్టడాన్ని క్లీనప్ అంటారు. ఈ వ్యాసంలో దానిని ‘కోడ్ శుద్ధి’గా వ్యవహరిస్తున్నాను. లినక్స్ కర్నల్‌లో డిస్కుల వంటి నిల్వసాధనాలను నడిపే స్కజీ విభాగంలో శుద్ధిని ఎలా సమీక్షించాలో ఒక ఉదాహరణతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఒక ఉదాహరణ

స్కజీ ప్రమాణంలోని ‘ఇంక్వైరీ’ ఆదేశానికి పరికరం తన వివరాలను తెలుపుతుంది. అందులో తయారీదారు పేరుకు 8, ఉత్పత్తి పేరుకు 16, కూర్పు సంఖ్యకు 4 బైట్లు కేటాయించారు. పేరు చిన్నదైతే మిగిలిన చోటును ఖాళీ అక్షరాలతో నింపుతారు. సీ భాషలో పదాంతాన్ని సూచించే సున్న బైటు ఇక్కడ ఉండదు.

పాత డ్రైవర్లలో అక్షరాల నకలుకు ‘స్ట్ర్‌ఎన్‌కాపీ’ వాడేవారు. ఇది పదాంతంలో సున్న ఉంటుందన్న హామీ ఇవ్వదు. అందువల్ల దాని స్థానంలో ‘స్ట్ర్‌ఎస్‌కాపీ’ వాడాలని కర్నల్ పత్రాలు సూచిస్తాయి. అయితే ఈ కొత్త ప్రమేయం చివరి బైటును సున్నకై కేటాయిస్తుంది. దానిని 4 బైట్ల కూర్పు గడికి వాడితే ‘0001’ కాస్తా ‘000’ అవుతుంది. పైగా పాత ప్రమేయం మిగిలిన చోటును సున్నలతో నింపేది, కొత్తది నింపదు. ఆ నిర్మాణాన్ని ముందుగా తుడవకుండా యూజర్ ప్రోగ్రాముకు పంపితే కర్నల్ జ్ఞాపకంలోని పాత సమాచారం బయటపడవచ్చు.

3. సమీక్షాక్రమం

కనుక సమీక్షకుడు ముందుగా గడి స్వభావాన్ని నిర్ణయించాలి. సున్నతో ముగిసే పదమైతే ‘స్ట్ర్‌ఎస్‌కాపీ’ చాలు. మిగిలిన చోటునూ సున్నలతో నింపవలసి ఉంటే ‘స్ట్ర్‌ఎస్‌కాపీ ప్యాడ్’ కావాలి. సున్న లేని స్థిరపరిమాణపు గడికి ‘స్ట్ర్‌టుమెమ్ ప్యాడ్’ తగినది. ఈ నిర్ణయానికి మారిన పంక్తి ఒక్కటే చాలదు. ఆ గడి నిర్వచనాన్నీ, దానిని చదివే ప్రతి చోటునూ చూడాలి.

రెండవది, ఒక ప్యాచ్‌లో ఒకే మార్పు ఉండాలి. శుద్ధితో దోషనివారణ కలిస్తే, తరువాత తలెత్తిన లోపానికి కారణమేదో వెతకడం కష్టమవుతుంది. మూడవది, పనితీరు ఎందుకు మారదో ప్యాచ్ వివరణలో హేతుబద్ధంగా చెప్పాలి. పాత పరికరాలు పరీక్షకు దొరకనప్పుడు ఆ వివరణే ప్రధానాధారం.

4. ముగింపు

కోడ్ శుద్ధి అనవసరమని ఈ పరిశీలన సారాంశం కాదు. ప్రమాదకరమైన ప్రమేయాలను తొలగించవలసిందే. కాని వింతగా కనిపించే పంక్తి వెనుక పరికరప్రమాణం ఉందా, కేవలం అలవాటు ఉందా అని తేల్చిన తరువాతే దానిని దిద్దాలి. ఆ తేడాను నిర్ధారించడమే సమీక్షకుని ప్రథమ కర్తవ్యం.