మంచు కింద పదిహేను నిమిషాలు

చలికాలం వచ్చిందంటే మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో సెలవుల లెక్కలు మొదలవుతాయి. మనాలి చూసేశాం, కేదార్‌కంఠ ఎక్కేశాం, ఇక గుల్‌మార్గే అనేవాళ్లు ప్రతి టీములోనూ ఒకరిద్దరు ఉంటారు. అక్కడి కేబుల్ కారు అఫర్వట్ కొండ మీద సుమారు 13,000 అడుగుల ఎత్తున దింపుతుంది. గుర్తులు పెట్టిన బాట వదిలి స్కీల మీద దిగితే, ఆపైన ఎవరి ప్రాణం వారి పూచీ. 2023 ఫిబ్రవరి 1న అలాంటి వాలులోనే మంచు చరియ విరుచుకుపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు.

చరియ ఎప్పుడూ పైనుంచే వచ్చి పడుతుందనుకుంటాం. చాలాసార్లు అది మనిషి కాళ్ల కిందే తెగుతుంది. చలికి అడుగునున్న పాత మంచు పంచదార పలుకుల్లా విడివడి పట్టు కోల్పోతుంది. దానిపై గాలి తెచ్చిపోసిన కొత్త మంచు పలకలా పేరుకుంటుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఒక్క మనిషి బరువు తోడైనా చాలు, అడుగు పొర కూలి పలకంతా జారిపోతుంది. స్కీయర్లు, పర్వతారోహకులు బలైన ప్రమాదాల్లో పదింట తొమ్మిది, వాళ్లో తోటివాళ్లో కదిలించిన చరియలే. తప్పు కొండ మీదకు నెట్టేయడం మనకు సులువు.

కూరుకుపోయినవాళ్లలో ఎక్కువమంది పోయేది చలికి కాదు, ఊపిరాడక. జారడం ఆగగానే మంచు బిగుసుకుపోతుంది, వేలు కూడా కదలదు. వదిలిన గాలినే మళ్లీ పీల్చాలి. ఊపిరి ఆవిరి ముఖం చుట్టూ గడ్డకట్టి ఆ కాస్త దారినీ మూసేస్తుంది. స్విట్జర్లాండ్ ప్రమాదాలపై 1994లో వెలువడిన అధ్యయనంలో, 15 నిమిషాల్లోపు బయటపడ్డవాళ్లలో 90 శాతానికి పైగా బతికారు. 35 నిమిషాలకు అది 30 శాతానికి పడిపోయింది. హెలికాప్టర్ లేచేలోపే ఆ గడువు దాటిపోతుంది. కాపాడగలిగేది పక్కనున్నవాళ్లే, అదీ అందరి ఒంటి మీదా సిగ్నల్ పంపే ట్రాన్సీవర్, సంచిలో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ, పార ఉంటేనే.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లోని సోనమ్ పోస్టులో పదిమంది సైనికులు మంచు కింద చిక్కుకున్నారు. వారిలో కర్నూలు జిల్లా జవాను ఒకరు. ఆరో రోజున లాన్స్ నాయక్ హనుమంతప్ప ఒక్కరే ప్రాణాలతో దొరికారు, 11న ఢిల్లీలో కన్నుమూశారు. ఆయన అన్ని రోజులు నిలవడం అపురూపం.

వెతికేవాళ్ల ప్రాణాలకూ భరోసా లేదు. 2020 ఫిబ్రవరి 4న టర్కీలోని బహ్చెసరాయ్ దగ్గర ఒక మినీబస్సు చరియ కింద పడింది. మర్నాడు వందలమంది వెతుకుతుండగా రెండో చరియ వచ్చింది. మొత్తం 40 మందికి పైగా పోయారు, ఎక్కువమంది కాపాడటానికి వచ్చినవాళ్లే. అందుకే అనుభవమున్న నాయకుడు ముందు తలెత్తి పైవాలు చూస్తాడు, అవసరమైతే వెతుకులాట ఆపేస్తాడు. కింద ఎదురుచూసేవాళ్లకు అది కర్కశంగానే కనిపిస్తుంది.

వెతుకులాటను ఆపేది చరియల భయం ఒక్కటే కాదు. ఒకప్పుడు సత్యం కంప్యూటర్స్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా పనిచేసిన నెల్లూరు జిల్లా పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు 2015 మార్చి చివర్లో ఆండీస్‌లో తప్పిపోయారు. గాలింపుకు వాతావరణమే అడ్డుపడింది. ఏప్రిల్ మొదటి వారంలో ఆయన మృతదేహం కనిపించింది.

మన దేశంలో చరియల ముప్పుపై డీఆర్‌డీవోకు చెందిన డీజీఆర్‌ఈ సంస్థ జిల్లాలవారీగా హెచ్చరికలు ఇస్తుంది. గుల్‌మార్గ్ ఉన్న బారాముల్లా పేరు చలికాలంలో వాటిలో తరచూ కనిపిస్తుంది.