బోర్డు మీద కొండ సాధన

చేవెళ్ళ, మొయినాబాద్ చుట్టుపక్కల రాతిగుండ్లకు కొదువ లేదు. మరి మిత్రులం కలిసి షెడ్డులో వాలుగా బోర్డు బిగించుకుని ఎక్కడం ఎందుకని చాలామంది అడుగుతారు.

రాయి ఎండకు కాలుతుంది, వానకు జారుతుంది. బోర్డు ఏడాది పొడుగునా ఒక్కతీరుగా ఉంటుంది. నిన్నటి పట్టునే నేడూ పట్టి, బలం పెరిగిందో లేదో తేల్చుకోవచ్చు. 1988లో జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ గ్యూలిష్ వాలు పలకకు చెక్క మెట్లు కొట్టి, కాళ్ళు ఆనించకుండా చేతులతోనే పైకి పాకేవాడు. అదే క్యాంపస్ బోర్డు. ఆ సాధనతోనే 1991లో 'ఆక్షన్ డైరెక్ట్' అనే మహా కఠినమైన దారి ఎక్కాడు.

అయితే ఒక సంగతి. వేళ్ళను మడిచే పెద్ద కండలు ముంజేతిలో ఉంటాయి. స్నాయుబంధనాలు తాళ్ళలాగా వేళ్ళను లాగుతాయి. కండ వారాల్లో బలపడితే, ఈ తాళ్ళకు నెలలు పడుతుంది. ఆ తేడాలోనే వేలు దెబ్బతింటుంది. అందుకే కొత్తవాళ్ళను, ఎదిగే వయసు పిల్లలను మెట్ల బోర్డు జోలికి పోనివ్వం.

మిత్రులుండాల్సిందీ ఇందుకే. ఒకడు ఎక్కుతుంటే మరొకడు కింద పరుపు సర్దుతాడు, మిగతావాళ్ళకు విశ్రాంతి. "ఇంకొక్కసారి" అని మొండికేస్తే "చాల్లే, దిగరా" అనేవాడు పక్కనుండాలి. 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ పొందిన భువనగిరి బండ మనకు దూరమేమీ కాదు. వేళ్ళు బాగుంటే గదా, అక్కడికి పోయేది!