కట్టేటప్పుడు కావలసినవి, నడిచేటప్పుడు కావలసినవి

మన సర్ఖని వైపు నుంచి పిల్లలు సాఫ్ట్‌వేర్ కొలువులకు హైదరాబాద్, పుణె వెళుతున్నారు. ఇంటర్వ్యూకు ముందు వాళ్లకు ఈ తేడా తెలియాలి.

స్లాబు వేయడానికి సెంట్రింగ్ కావాలి. గట్టిపడ్డాక విప్పేస్తాం. గ్యాస్ సిలిండరు కాపురానికి కావాలి, కట్టడానికి కాదు. జావా ప్రోగ్రాముకూ అంతే. లాంబాక్ కంపైల్ చేసేటప్పుడే కావాలి. గ్రేడిల్‌లో దాన్ని ‘కంపైల్‌ఓన్లీ’ కింద రాస్తారు. డేటాబేస్ డ్రైవర్ నడిచేటప్పుడు కావాలి. దాన్ని ‘రన్‌టైమ్‌ఓన్లీ’ కింద రాస్తారు. డ్రైవర్ మరిచిపోతే ప్రోగ్రాము ఏ తప్పూ చూపకుండా తయారై, కస్టమర్ దగ్గర ఆగిపోతుంది.

నడిచే ప్రోగ్రాముతోపాటు వెళ్లే భాగాల మీదే ఎక్కువ కన్ను వేయాలి. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే లోపం బయటపడినప్పుడు కంపెనీలు తమ సర్వర్లలో వెతుక్కున్నది అలాంటి భాగాన్నే.